నేను రాసిన పేర్లు, వాళ్లు చదివిన పేర్లు

సిరిసిల్లలో మేం పెరిగిన వాడలో పగలూ రాత్రీ చప్పుడే. మరమగ్గాలను మా దగ్గర సాంచాలు అంటారు. ఆ చప్పుడుకు ఎంత అలవాటుపడ్డామంటే, కరెంటు పోయి సాంచాలు ఆగితే పసిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్లు. మా నాన్న ఒక సేటు షెడ్డులో సాంచాలు నడిపేవాడు. అమ్మ ఇంటి ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేది. కరెంటు కోత ఉన్న రోజు ఇద్దరికీ కూలి ఉండేది కాదు. నాకు మాత్రం ఆ రోజంటే ఇష్టం. ఆ రోజు చాచా క్లాసు ఉండేది.

చాచా సాంచాల మిస్త్రీ. ఏ షెడ్డులో ఏ సాంచ మొరాయించినా ఆయన రావాల్సిందే. ఇంట్లో ఉర్దూ, బయట మా అందరికన్నా మంచి తెలుగు. గోళ్ల సందుల్లో ఎప్పుడూ నల్లటి ఆయిలు. బడికి ఎన్నేళ్లు పోయాడో తెలియదు కానీ, పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాడు. సాంచాలు ఆగిన మధ్యాహ్నం ఏదో ఒక షెడ్డులో పది పన్నెండు మందిమి కార్మికుల పిల్లలం చేరేవాళ్లం. ఆయన నూలు చుట్టే ఒక ఖాళీ బీము మీద కూర్చుని పెట్టుబడి గురించి చెప్పేవాడు.

"ఒక సేటు పది సాంచాలు పెట్టిండనుకోండ్రి. పక్క సేటు ఇరవై పెడ్తడు. ఇద్దరు పోటీలు పడి నేపిస్తరు. బట్ట గుట్టలు గుట్టలైతది. మరి కొనెటోడెవడు? వాడు గూడ మనలాంటి కూలోడే. వాని కూలి పెంచరు, వాడు బట్ట కొనడు. సమజ్ అయిందా? గీ పెట్టుబడి తన బట్టల తనే సుట్టుకొని సస్తది, కూలుతది. మీ పెండ్లిళ్లు కాకముందుకే సూస్తరు."

నాకు అప్పుడు పదహారేళ్లు. నా పక్కన కూర్చునేవాడు నా దోస్తు. మా ఇద్దరి నాన్నలూ ఒకే షెడ్డులో ఎదురెదురు సాంచాలు నడిపేవాళ్లు. మా అందరిలో తెలివైనవాడు వాడే. చాచా చెప్పింది మేం వినేవాళ్లం, వాడు ప్రశ్నలడిగేవాడు.

"కూలినంక సేటు ఏం జేస్తడు చాచా?"

"ఏం జేస్తడు, మనతోని సమానంగ సాంచ నడుపుతడు," అన్నాడు చాచా. అందరం నవ్వాం. వాడు నవ్వలేదు. "వానికి సాంచ నడపరాదు గద," అన్నాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తే మా నాన్న నడుముకు జండుబామ్ రుద్దించుకుంటూ అన్నాడు, "కూలేటిదేందో జర జల్ది కూలుమనురా. నా నడుం పోతున్నది."

కూలింది. చాచా చెప్పినట్టే జరిగిందని మొదట నేను సంబరపడ్డాను కూడా. నా డిగ్రీ అయ్యేనాటికి నూలు ధర పెరిగింది, బట్ట అడిగేవాడు లేడు, షెడ్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. సాంచాలను విప్పి ఇనుప సామాను కింద తూకానికి అమ్మారు. విప్పడానికి మనిషి కావాలి కదా. చాచానే పిలిచారు. ముప్పై ఏళ్లు బాగుచేసిన సాంచాలను ఆయనే పానా పట్టి ముక్కలు ముక్కలుగా విప్పి లారీలోకి ఎక్కించాడు. మా వాడలో నాలుగు సాంచాలున్న ఒక చిన్న ఆసామి, తన సాంచాలు లారీ ఎక్కిన మరుసటి రోజు పొద్దున ఖాళీ షెడ్డులోనే ప్రాణం తీసుకున్నాడు. మా నాన్న సాంచాల పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భివండి పోయాడు. రెండేళ్ల తర్వాత దగ్గుతో తిరిగొచ్చాడు, ఆ దగ్గుతోనే పోయాడు.

సేటు ఏమీ కూలలేదు. షెడ్లు పడగొట్టి ఆ జాగాలో ఫంక్షన్ హాలు కట్టాడు. మా వాడ పెళ్లిళ్లు అందులోనే జరిగాయి, నాది కూడా. చాచా ఆ పెళ్లికి వచ్చి అక్షింతలు వేసి, భోజనం చెయ్యకుండా వెళ్లిపోయాడు. ఎందుకు తినలేదని నేను అడగలేదు. ఆయన కూర్చునే బీము ఎక్కడ ఉండేదో ఆ చోటే వంటలు వడ్డిస్తున్నారు.

నేను ఎకనామిక్స్ లెక్చరర్‌నయ్యాను. పెట్టుబడి గురించి జీతం తీసుకుని చెప్పే ఉద్యోగం. నా దోస్తు ఇంకో దారిన పోయాడు. మొదట కార్మిక సంఘంలో తిరిగాడు, నాలుగైదు సమ్మెలు చేయించాడు, ఒకసారి లాఠీదెబ్బలు తిన్నాడు. ఒక సమ్మెలో సేటుకూ కార్మికులకూ మధ్య మాట్లాడటానికి వెళ్లినవాడు, బయటికొచ్చేసరికి సేటుకు కావలసినవాడయ్యాడు. అటు తర్వాత కూలీలను పంపే కాంట్రాక్టు, అటు తర్వాత ఇసుక లారీలు, ఆ తర్వాత వెంచర్లు. నలభై దాటేసరికి జిల్లాలో ఏ పార్టీ సభ జరిగినా వేదిక మీద వాడికి కుర్చీ ఉండేది. పార్టీలు మారినా కుర్చీ మారలేదు.

వాడి ముందు నేనూ ఒకసారి చెయ్యి చాపాను. అప్పటికి మా కాపురం కోరుట్లలో. నా ఉద్యోగం మాత్రం రెండు జిల్లాల అవతల. అమ్మకు పక్షవాతం వచ్చింది. ట్రాన్స్‌ఫర్ కోసం వాడికి ఫోన్ చేశాను. "గింత దానికి ఇన్ని రోజులు ఆగుతవా?" అని తిట్టాడు. వారంలో జగిత్యాల కాలేజీకి ఆర్డర్ వచ్చింది. ఆ సీటు కోసం నాకన్నా ముందు నుంచి దరఖాస్తు పెట్టుకుని ఉన్న ఒక మేడం, ఇద్దరు చిన్నపిల్లల తల్లి, తను పనిచేసే అడవి ప్రాంతపు కాలేజీలోనే ఉండిపోయిందని తర్వాత తెలిసింది. ఆమెది న్యాయం, నాది అవసరం అని సర్దిచెప్పుకున్నాను. అమ్మ నోట్లో నా చేత్తో నీళ్లు పోసే భాగ్యం దక్కింది. అది ఎవరి దగ్గరనుంచి లాక్కున్నదో అమ్మకు చెప్పలేదు.

కాలేజీలో వ్యాపార చక్రాల పాఠం నాకు ఇష్టమైనది. సమృద్ధి, తిరోగమనం, మాంద్యం, పునరుద్ధరణ అని బోర్డు మీద పెద్ద అల గీసి చెప్పేవాణ్ని. పెట్టుబడి పడిపోతుందని కొందరు జోస్యం చెప్పారనీ, పడిన ప్రతిసారీ కొత్తగా లేచి నిలబడటమే దాని గుణమని ఇంకొందరంటారనీ చెప్పి, పరీక్షకు రెండు వాదాలూ రాయమనేవాణ్ని. ఒక ఏడాది రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. దగ్గరి పట్టణం నుంచి బస్సులో వచ్చే పిల్ల, ఎప్పుడూ మాట్లాడేది కాదు.

"సార్, పడ్తది, మల్ల లేస్తది అన్నరు గద. పడేటప్పుడు ఎవల మీద పడ్తది సార్?"

క్లాసంతా నవ్వింది. నాకు మా నాన్న దగ్గు గుర్తుకొచ్చింది. చెప్పడానికి ఎంత ఉందో నాకు తెలుసు. "గా ప్రశ్న పరీక్షల రాదమ్మా, కూసో," అన్నాను.

ఆ ఏడాదే మా లెక్చరర్లను ఇళ్ల సర్వేకు వేశారు. పేదలకని సర్కారు రెండు గదుల ఇళ్లు కట్టించింది. ఎవరికి ఇవ్వాలో ఇంటింటికీ తిరిగి తేల్చాలి. నాకు పడింది ఆ అమ్మాయి ఉండే పట్టణమే. ఊరి పేరు రాయను. కోరుట్లకూ జగిత్యాలకూ ఎంతో దూరం కాదు.

నాకప్పగించిన వాడల్లో పద్దెనిమిది రోజులు తిరిగాను. ఉద్యోగంలో నేను మనసుపెట్టి చేసిన పని ఏదైనా ఉందంటే అదే. ఒక సందు చివర రేకుల గది. లోపల నేల మీద ఒకాయన బోర్లా పడుకుని ఉన్నాడు. మార్కెట్‌యార్డులో హమాలీ, బస్తా మీదపడి నడుము పోయింది. ఆయన భార్య గడప దగ్గర చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చేస్తోంది. తడిపిన తునికాకు, తంబాకు వాసన, ఎండకు కాలుతున్న రేకులు. నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆమె వేళ్లు ఆకు చుట్టి దారం కడుతూనే ఉన్నాయి.

"మా బిడ్డ మీ తాన్నే సదువుతది సారు," అంది. అప్పుడు చూశాను, గది మూలన పుస్తకం పట్టుకుని ఉన్న పిల్లను. ప్రశ్న అడిగిన పిల్ల. లేచి నిలబడి నమస్తే పెట్టింది.

సొంత ఇల్లు లేదు, జాగా లేదు, భూమి లేదు. బాత్రూము ఇంటి ఓనరు వాళ్లది, పొద్దున ఆరు లోపు పోయి రావాలి. నడవలేని మనిషిని ఆ లోపు తల్లీకూతుళ్లిద్దరూ మోసుకుపోతారు.

"రాస్తే అస్తదా సారు?" అంది.

"మీకు రాకుంటె ఇంకెవలకస్తది? అస్తది," అన్నాను. ఆమె పేరు నా జాబితాలో మొదటిది. జాబితా ఆఫీసులో ఇచ్చేముందు ఒక జిరాక్సు తీసి ఇంట్లో పెట్టుకున్నాను. ఎందుకు తీశానో అప్పుడు నాకే తెలియదు.

నెల తర్వాత ఒక పొద్దున నా దోస్తు ఫోన్ చేసి ఇంటికి రమ్మన్నాడు. వాకిట్లో అర్జీలు పట్టుకుని చాలామంది నిలబడి ఉన్నారు. నన్ను వాళ్ల మధ్యలోంచి లోపలికి తీసుకుపోయారు. వాడు టిఫిన్ చేస్తున్నాడు. నాకూ ప్లేటు పెట్టించాడు. తిన్నాక ఒక ఫైలు నా ముందుకు జరిపాడు. సర్వే చేసిన అధికారి సంతకం ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. నేను రాసిన పేర్లలో పావు వంతు కూడా లేవు. బీడీలు చేసే ఆమె పేరు లేదు. ఉన్న పేర్లలో రెండంతస్తుల మేడ ఉన్న మనిషిని నేనెరుగుదును. ఇంకొకడు నా దోస్తు కారు డ్రైవర్ బామ్మర్ది.

"గిది నేను రాసింది కాదు," అన్నాను.

"నువ్వు రాసింది తప్పని నేనంటలేనుర. గని వీళ్లు నా కోసం ఎండల జెండాలు మోసినోళ్లు. వీళ్లకియ్యకపోతె రేపు ఎవడు మోస్తడు?"

"మరి లేనోళ్లు?"

"లేనోళ్లు యాడికి పోతరు? మల్ల స్కీముకు గూడ ఉంటరు."

"చాచా వింటె ఏమంటడుర?"

ఆ మాట వాడిని గుచ్చుతుందనుకున్నాను. వాడు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, నింపాదిగా నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"చాచా బంగారమసొంటి మనిషి. గని ఆయనకు ఒక్కటి సమజ్ గాలె. గిది కూలదుర. కూలుతదేమో అన్న భయం అయినప్పుడల్ల బయట అరిసెటోళ్లల్ల ఒకణ్ని లోపలికి పిలిచి కుర్సీ ఏస్తది. నన్ను పిలిచింది, పోయిన. నీకు ట్రాన్స్‌ఫర్ అయిననాడు నిన్ను గూడ పిలిచింది. నువ్వు రాలేదా?"

వాడు పెన్ను టోపీ తీసి నా చేతికిచ్చాడు. రెండేళ్లలో రిటైర్మెంట్, పింఛను కాగితాలు, ఎక్కడికి విసిరేస్తారో అన్న భయం. ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానని చెప్పుకుంటాను కానీ నిజానికి ఏమీ ఆలోచించలేదు. సంతకం పెట్టాను.

వార్డు సభలో పేర్లు చదివిన రోజు నేను పోలేదు. మరుసటి రోజు ఆమె కాలేజీకి వచ్చింది. స్టాఫ్‌రూం గడప అవతలే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. కూతురు వెనక నోటీసుబోర్డు వైపు తిరిగి నిలబడి ఉంది.

"నా పేరు మీరు రాయలేదా సారు?"

"రాసిన."

"మల్ల ఎవలు కొట్టేసిండ్రు?"

"పైన."

"పైనంటె యాడ సారు? ఆఫీసుల అడిగితె కాయితం సూపిచ్చిండ్రు. సంతకం మీదేనట గద."

సాటి లెక్చరర్లు పేపర్లు దిద్దుతున్నట్టు తలలు వంచుకున్నారు. ఆమె కాసేపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "అస్తదని మీరే అంటిరి," అని మాత్రం అని, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఆ పిల్ల ఆ తర్వాత నా క్లాసుకు వచ్చింది కానీ తల ఎత్తి చూడలేదు. పాఠం చెప్పేటప్పుడు నేను రెండో బెంచీ వైపు చూడటం మానేశాను.

జాబితా చదివారు కానీ తాళాలు ఇవ్వలేదు. ప్రారంభించడానికి పెద్ద నాయకుడికి తీరిక దొరకలేదు. కట్టిన ఇళ్లు ఎండకు ఎండి వానకు నాని కాలనీలో గడ్డి మొలిచింది. ఆరు నెలలు చూసి, పేర్లు రాని ఆడవాళ్లు ఒక రోజు తాళాలు పగలగొట్టి లోపలికి పోయారు. బీడీల చాటలు, బియ్యం డబ్బాలు, స్టవ్వులు పట్టుకుని పోయారు. ఆమె భర్తను తోపుడుబండి మీద తెచ్చుకుందట. మూడు రోజులున్నారు.

నాలుగో రోజు పొద్దున నేను జగిత్యాల పోయే బస్సులో ఉన్నాను. కాలనీ దగ్గర జనం అడ్డంగా ఉంటే బస్సు ఆగింది. కిటికీలోంచి చూశాను. పోలీసులు ఇళ్లలోంచి సామాన్లు బయట పడేస్తున్నారు. ఆడవాళ్లను ఒక్కొక్కరిని రెక్కపట్టి వ్యాన్ ఎక్కిస్తున్నారు. ఆమె కనపడింది. చాటలోని ఆకులు రోడ్డు మీద చెల్లాచెదరయ్యాయి, ఆమె వ్యాన్ ఎక్కబోతూ వంగి వాటిని ఏరుకుంటోంది. భర్త గోడకు ఆనించిన మంచం మీద ఉన్నాడు. కూతురు ఆయన పక్కన నిలబడి ఉంది. ఆ పిల్ల తలెత్తి బస్సు వైపు చూసింది. నన్ను చూసిందో లేదో తెలియదు. నేను దిగలేదు. కండక్టర్ "నడువు, నడువు" అన్నాడు, బస్సు కదిలింది. ఆ రోజు కాలేజీలో నాలుగు క్లాసులు చెప్పాను.

ఆదివారం సిరిసిల్ల పోయాను. చాచాకు ఎనభై దాటాయి. కొడుకు నడిపే మొబైల్ రిపేరు దుకాణం వెనక గదిలో ఉంటున్నాడు. కళ్లు సరిగ్గా కనపడవు, గొంతు మాత్రం అదే. చాయ్ తెప్పించాడు. దాచకుండా అంతా చెప్పాను. మేడం సీటు దగ్గర నుంచి బస్సు దాకా. ఆ పిల్ల అడిగిన ప్రశ్న కూడా చెప్పాను.

చాచా అంతా విన్నాడు. తర్వాత అన్నాడు:

"గంత చిన్న పిల్ల అడిగింది, మీరెవ్వలు నన్ను అడగలే. పడేటప్పుడు మన మీద పడ్తది బేటా. లేసేటప్పుడు మన భుజం మీద చెయ్యేసి లేస్తది. రెండు దిక్కుల మనమే. నేను సాంచాలు విప్పిననాడు సమజ్ అయింది నాకు. అప్పటికి మీరంతా పెద్దోళ్లయి పోయిండ్రు, ఎవలకు చెప్పాలె?"

"నేను తప్పు చేసిన చాచా."

"నేను గూడ చేసిన. కూలుతది, కూలుతది అని మీకు ఎదురుసూసుడు నేర్పిన. ఎదురుసూసెటోడు ఏం జేస్తడు? అందాక సంతకం పెడ్తడు." చాయ్ గ్లాసు తడుముకుని పక్కన పెట్టాడు. "అరె, నేను నిన్ను మాఫ్ జేస్తె ఆమెకు ఇల్లు అస్తదా? పో. ఆ సంతకం తప్పని రాసియ్యి."

తిరుగు బస్సులో, వేములవాడ దాటేలోపే, తెల్లకాగితం మీద రాశాను. నేను సమర్పించిన జాబితా వేరు, సంతకం చేసిన జాబితా వేరు, ఒత్తిడికి లోబడ్డాను అని. కింద తేదీ వెయ్యలేదు. ఆ కాగితం నా సంచీలో పదకొండు నెలలు ఉంది. రోజూ టిఫిన్ డబ్బా తీసేటప్పుడు తగిలేది.

ఈలోపు ఎన్నికలొచ్చాయి. సర్కారు మారింది. ఫలితాలొచ్చిన నాలుగో వారానికి నా దోస్తు కండువా మారింది. మా దగ్గర దాన్ని ఎవరూ వింతగా చూడరు. వాన పడితే గొడుగు తెరిచినట్టే చూస్తారు. కొత్త సర్కారు పాత ఇళ్ల జాబితా మీద విచారణ వేసింది. ఆ విచారణ కావాలని అందరికన్నా గట్టిగా అరిచినవాడు వాడే. ఇప్పుడు తప్పంతా పాత పార్టీలోనే ఉండిపోయిన ఒక వార్డు నాయకుడిది. నాకు నోటీసు వచ్చింది. అప్పుడు తీశాను ఆ కాగితం. తేదీ వేశాను. జిరాక్సు జతచేశాను. విచారణ అధికారి ముందు చదివి వినిపించాను. ఇప్పుడు అక్కడ భయపడాల్సింది ఏమీ లేదు కదా. ఒత్తిడి చేసింది ఎవరని ఆయన అడిగాడు. పేరు చెప్పాను. ఆయన రాసుకోలేదు. "స్థానిక నాయకులు అని రాద్దాం సార్," అన్నాడు. నేను ఆయన చూపించిన చోట సంతకం పెట్టి లేచాను.

పది రోజులకు అదే పట్టణంలో సభ పెట్టారు. నన్ను వేదిక మీదికి పిలిచారు. నా దోస్తు మైకు పట్టుకుని, "ఇసొంటి నిజాయితీ గల సారు ముందుకు రాబట్టే గీ అవినీతి బయటపడ్డది," అన్నాడు. చప్పట్లు కొట్టారు. శాలువా తెచ్చాడు. ఎన్నోసార్లు అనుకున్నాను తర్వాత, ఆ శాలువా తీసి కింద పడేస్తే ఏమయ్యేదని. ఏమీ అయ్యేది కాదు, వాడు దాన్ని కూడా నవ్వుతూ తనకు అనుకూలంగా తిప్పుకునేవాడు. అయినా పడెయ్యాల్సింది. నేను మెడ వంచాను. కప్పుతూ నా చెవిలో అన్నాడు, "మనిద్దరం ఒక్క క్లాసుల సదువుకున్నోళ్లంర."

మరుసటి రోజు పేపర్లో ఫొటో వచ్చింది. చాచా కొడుకు చదివి వినిపించే ఉంటాడు. ఫోన్ వస్తుందని రెండు రోజులు చూశాను. రాలేదు. ఆ చలికాలం చాచా పోయాడు. మట్టి ఇవ్వడానికి పోయాను. నా దోస్తు కూడా వచ్చాడు, వాడికే అందరూ దారి ఇచ్చారు.

కొత్త జాబితా వచ్చింది. పాత జెండాల వాళ్ల పేర్లు కొన్ని పోయాయి, కొత్త జెండాల వాళ్ల పేర్లు కొన్ని చేరాయి. నేను రాసిన వాటిలో ఐదారు అదృష్టం కొద్దీ కలిశాయి. డ్రైవర్ బామ్మర్ది పేరు చెక్కుచెదరలేదు. ఆమె పేరు లేదు. నా దోస్తు ఇంటికి పోయాను. జీవితంలో మొదటిసారి వాడి మీద అరిచాను.

"ఆమె మీద కేసున్నదిర," అన్నాడు వాడు, కోపం లేకుండానే. "తాళాలు పగలగొట్టినోళ్లకు ఇల్లు ఇయ్యొద్దని రూలు. నేను రాసిన రూలు కాదు. ఏం జెయ్యమంటవు?"

"తాళం ఎందుకు పగలగొట్టాల్సొచ్చిందో నీకెరికలేదా?"

"నాకెరికె. రూలుకెరికలేదు."

కేసు జగిత్యాల కోర్టులో నడిచింది. వాయిదా ఉన్న ప్రతిసారీ ఆ ఆడవాళ్లు బీడీల పని వదులుకుని వచ్చి చెట్ల కింద కూర్చునేవాళ్లు. నేను కూడా పోయేవాణ్ని. సాక్ష్యం చెప్తానని వాళ్ల వకీలును అడిగాను. ఆయన మర్యాదగానే చెప్పాడు, ఇల్లు ఎవరికి రావాలన్నది కాదు సార్ ఈ కేసు, తాళం ఎవరు పగలగొట్టారన్నది. చివరికి తప్పు ఒప్పుకుంటే చిన్న జరిమానాతో కేసు మూసేస్తామంటే అందరూ ఒప్పుకున్నారు. ఆమె లోపలికి పోయి వేలిముద్ర వేసి, కొంగుకు వేలు తుడుచుకుంటూ బయటికొచ్చింది. నేను ఎదురుపోయాను.

"మీరిగ రాకుండ్రి సారు," అంది. "మీరు అచ్చి నిలవడితే అందరు మా దిక్కే సూస్తున్నరు."

ఆ మార్చిలో రిటైరయ్యాను. పింఛను ఆలస్యం లేకుండా వచ్చింది.

ఈ మధ్య కోరుట్ల కూరగాయల మార్కెట్లో ఆమె కనపడింది. తప్పుకుని పోదామనుకున్నాను. తనే పలకరించింది. మొహంలో ఏ కోపమూ లేదు. నన్ను గుర్తుపెట్టుకుని కోపం మోసేంత తీరిక ఆమెకు ఎక్కడిది? బిడ్డ డిగ్రీ మధ్యలో మానేసి కోరుట్లలోనే ఒక బట్టల దుకాణంలో చేస్తోందని చెప్పింది. పొద్దంతా నిలబడే ఉండాలట, కూర్చుంటే కెమెరాలో చూసి సేటు ఫోన్ చేస్తాడట.

"ఇల్లు దొరికింది సారు," అంది తర్వాత.

వెంటనే అడిగాను, "యాడ?"

"గా కాలనీలనె. కిరాయికి."

ఎవరి ఇల్లని అడిగాను. డ్రైవర్ బామ్మర్దిది. అతనికి ఊళ్లో సొంతిల్లు ఉంది, సర్కారు ఇచ్చింది ఖాళీగా ఎందుకని కిరాయికి ఇచ్చాడు. నెల నెలా బిడ్డ జీతంలోంచి కడుతున్నారు. అంతా ఆమె మామూలుగా చెప్పింది, బస్సు ఏ టైముకు వస్తుందో చెప్పినట్టు. పైగా మెచ్చుకుంది. "నల్లా మంచిగ అస్తది సారు. బాత్రూము ఇంట్లనే. మా ఆయన గోడ పట్టుకొని ఒక్కడే పోయస్తున్నడు."

మంచిది అన్నాను. ఆమె టమాటాలు ఏరుకుని సంచీలో వేసుకుంది. వెళ్లబోతూ ఆగింది.

"ఓపారి రాండ్రి సారు. అన్ని ఇండ్లు రాసిండ్రు గని, లోపల ఎట్లున్నదో మీరు సూడలేదు గద."

వస్తానన్నాను. ఇంకా పోలేదు.